పాప తల మీద ఒట్టేసి కూడా ఆగలేకపోయాను

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. వయసు 34. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మారతహళ్లిలో కాపురం. పెళ్లయి ఆరేళ్లు, మూడేళ్ల పాప ఉంది. కాలేజీ రోజుల్లో మొదలైన అశ్లీల వీడియోల అలవాటు ఇప్పుడు నా అదుపులో లేదు. రాత్రి రెండు, మూడు దాకా చూస్తాను. ఆఫీసు బాత్రూమ్‌లో కూడా చూస్తున్నాను. పోయినేడాది నుంచి డబ్బు కట్టి వీడియో చాటింగ్‌లు చేస్తున్నాను. రెండుసార్లు మసాజ్ సెంటర్‌కు వెళ్లి తప్పు చేశాను, అది ఎవరికీ తెలియదు. లోన్ యాప్‌ల మెసేజ్‌లు చూసి నా భార్య నిలదీసింది. లక్షా ఎనభై వేల అప్పు బయటపడింది. మామగారు వచ్చి పాప తల మీద ఒట్టు వేయించారు. కొండకు వెళ్లి ముడుపు చెల్లించాం. నలభై రోజులు ఆగాను. ఆమె పుట్టింటికి వెళ్లిన మొదటి రాత్రే మళ్లీ మొదలైంది. మా అమ్మేమో ‘పెళ్లాం సరిగ్గా చూసుకుంటే మగాడు బయటికెందుకు చూస్తాడు’ అంటోంది. ఇది జబ్బా, లేక నా బుద్ధే మంచిది కాదా? ఎవరి దగ్గరికి వెళ్లాలి? నా భార్యకు అంతా చెప్పేయాలా? ఒక్కోసారి నేను లేకపోతేనే వాళ్లిద్దరూ సుఖంగా ఉంటారనిపిస్తోంది.
— పేరు వద్దు, మారతహళ్లి

జవాబు: మీ ఉత్తరంలోని చివరి మాటతోనే మొదలుపెడతాను. ‘నేను లేకపోతేనే’ అన్న ఆలోచన మళ్లీ వస్తే, అది అర్ధరాత్రయినా సరే, వెంటనే 14416కు ఫోన్ చేయండి. మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లోనే సాయం చేయడానికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు ఇది. పూర్తిగా ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగొద్దు. డాక్టర్‌ను కలిసినప్పుడు కూడా ఈ మాటే ముందు చెప్పండి. వీడియోలు, అప్పులు, మసాజ్ సెంటర్ అన్నీ ఆ తర్వాతే.

ఇక ఒట్టు సంగతి. మీ మామగారు కూతురి మీద ప్రేమతోనే వేయించారు, ఆయన్ను తప్పు పట్టను. కానీ మీరు నలభై రోజులు ఎలా గడిపారో ఒకసారి గుర్తు చేసుకోండి. పళ్లు బిగబట్టి రోజులు లెక్కపెట్టుకుని ఉంటారు. ఎవరితోనూ ఒక్క మాట పంచుకోలేని పరిస్థితి. కోరిక పుట్టిందని చెబితే ‘పాప మీద ఒట్టేసి కూడా ఇదేనా’ అంటారని భయం. ఆ ఒంటరితనంలోనే మళ్లీ జారారు. జారాక ‘ఎలాగూ ఒట్టు పోయింది’ అని తెల్లవార్లూ చూసి ఉంటారు. ఒట్టుకు రెండే గతులు: నిలబడడం, పోవడం. మధ్యలో జారినవాడు లేచి నిలబడడానికి అందులో చోటు లేదు. ఇంటర్నెట్‌లో కుర్రాళ్లు పెట్టుకునే తొంభై రోజుల చాలెంజ్‌లలోనూ నాకు కనిపించే లోపం ఇదే. మీకు కావలసింది చికిత్స. పాప తలను ఇందులోకి ఇంకెప్పుడూ లాగకండి. మీరు జారితే పాపకు ఏదో అవుతుందన్న భయం ఒకటి మీ గుండెల్లో చేరింది కదా, అది కూడా దించేసుకోండి. పాపకేమీ కాదు.

జబ్బా, బుద్ధా అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బులకు పెట్టుకున్న జాబితా ఐసీడీ-11 అని ఉంది, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో దీనికి కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ అని పేరు పెట్టారు. ప్రేరణను ఆపుకోలేని సమస్యల కోవలో చేర్చారు. ఎక్కువ కోరిక ఉన్నవాళ్లందరికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. హస్తప్రయోగం చేసుకుని పాపం చేశానని కుమిలిపోయే కుర్రాడికీ ఇది ఉన్నట్టు కాదు. కేవలం ‘ఇది తప్పు’ అన్న బాధ ఒక్కటే ఉంటే ఈ పేరు పెట్టకూడదని అందులోనే రాశారు. డాక్టర్లు చూసేది వేరు. ఆరు నెలలు, అంతకన్నా ఎక్కువ కాలంగా ఆపుకోలేకపోతున్నారా, ఎన్నిసార్లు ప్రయత్నించినా విఫలమవుతున్నారా, నిద్ర, ఉద్యోగం, ఇల్లు దెబ్బతింటున్నా కొనసాగిస్తున్నారా, తృప్తి లేకపోయినా చేస్తూనే ఉన్నారా అని చూస్తారు. మీ ఉత్తరంలో వీటిలో చాలావరకు కనిపిస్తున్నాయి. అయినా నిర్ధారించాల్సింది ఎదురుగా కూర్చుని మీతో మాట్లాడిన డాక్టరే. ఒక ఉత్తరం చూసి నేను ఆ ముద్ర వేయకూడదు.

జబ్బయితే తప్పు లేనట్టేనా అని మీ భార్య అడగొచ్చు. అడిగే హక్కు ఆమెకుంది. షుగర్ రావడం ఎవరి తప్పూ కాదు, కానీ మందు వేసుకోవలసింది ఆ మనిషే. మీరు చేసిన పనులకు, దాచిన అప్పుకు బాధ్యత మీదే. చికిత్స ఆ బాధ్యతను తీసేయదు, మోసే శక్తినిస్తుంది.

మీ అమ్మగారి మాట దగ్గర కాసేపు ఆగాలి. మన ఇళ్లలో ఈ మాట తరతరాలుగా వినిపిస్తోంది. ఎందరో ఆడవాళ్లు అది నమ్మి తమనే నిందించుకున్నారు. మీ అలవాటు కాలేజీలో మొదలైందని మీరే రాశారు. అప్పటికి ఆ అమ్మాయి ఎవరో కూడా మీకు తెలియదు. పెళ్లికి ముందే ఉన్న సమస్యకు పెళ్లాన్ని ఎలా కారణం చేస్తాం? ఈ మాట అమ్మగారికి మీరే చెప్పాలి. నా భార్య తరఫున కాదు, నిజం కోసం చెబుతున్నానని చెప్పండి. ‘అమ్మా, తప్పు నాది, ఆ పిల్లను ఒక్క మాట అనొద్దు’ అంటే చాలు. ఇంకొకటి. మీరు మళ్లీ జారకుండా ఉండాలంటే ఆమె ఇష్టం లేకపోయినా మీతో పడుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే అది చికిత్స కాదు, అన్యాయం. ఆమె ఒంటి మీద నిర్ణయం ఆమెదే. రోజూ మీ ఫోన్ వెతికి కాపలా కాయడం కూడా ఆమె పని కాకూడదు. నిద్ర పట్టక, తిండి సయించక నలిగిపోతూ ఉంటుంది. ఆమెకు విడిగా, ఆమె కోసమే ఒక కౌన్సిలర్ ఉండాలి.

ఎక్కడికి వెళ్లాలంటే, మీరు ఉన్నదే బెంగళూరులో. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కు దేశం నలుమూలల నుంచీ వస్తారు. అక్కడ 2014లో షట్ క్లినిక్ అని ఒకటి మొదలుపెట్టారు. ఫోన్, ఇంటర్నెట్ వాడకం అదుపు తప్పినవాళ్లకు సాయం చేయడం దాని పని. అంత పెద్ద ఆసుపత్రికి ఒక్కసారే వెళ్లడానికి బెరుకుగా ఉంటే, వాళ్లదే బీటీఎం లేఅవుట్‌లో వెల్ బీయింగ్ సెంటర్ ఉంది. వెళ్లే ముందు ఫోన్ చేసి ఏ రోజు రావాలో కనుక్కోండి, తెలుగు మాట్లాడేవాళ్లు కావాలని అప్పుడే అడగండి. ప్రైవేటుగా చూపించుకోవాలంటే సైకియాట్రిస్టుకు ఎండీ, డీఎన్‌బీ లాంటి డిగ్రీ ఉందో లేదో చూడండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు. గోడల మీద ‘నరాల బలహీనత’ అని రాసుకునేవాళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాళ్లు అమ్మేది మీ భయాన్నే.

ఆఫీసుకు తెలుస్తుందేమోనన్న టెన్షన్ కూడా మీకు ఉండే ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టర్ల బాధ్యత. ఎవరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

డాక్టర్ ముందు మీ మూడ్ గురించి అడుగుతారు. డిప్రెషన్ ఉందా, మందు తాగే అలవాటు ఉందా, నిద్ర లేకపోయినా హుషారుగా ఉండి విచ్చలవిడిగా డబ్బు ఖర్చు పెట్టిన రోజులున్నాయా అని. ఈ చివరిది బైపోలార్ జబ్బు లక్షణం కావచ్చు, దాని చికిత్స దారి వేరు. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బుకు వాడే కొన్ని మందుల వల్ల కూడా కొందరిలో ఇలాంటి ప్రవర్తన మొదలవుతుంది. ఇంట్లో పెద్దాయన ఉన్నట్టుండి మారిపోయాడని తలదించుకునే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి, డాక్టర్‌కు చెప్పాలి. మీ వయసుకు అది వర్తించకపోయినా, ఇది చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

చికిత్సలో ఎక్కువ భాగం మాటలే. సీబీటీ అనే పద్ధతిలో, కోరిక పుట్టడానికి ముందు ఏం జరిగిందో మీరే గమనించుకునేలా చేస్తారు. వెళ్లేలోపు మీరే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఎన్ని గంటలకు, ఎక్కడ, అంతకు ముందు ఎవరితో ఏం మాట్లాడారు, మనసెలా ఉంది అని రాసుకోండి. రెండు వారాలు రాస్తే మీకే కొన్ని చోట్లు కనిపిస్తాయి. మేనేజర్‌తో మీటింగ్ అయిన సాయంత్రమో, ఇల్లు ఖాళీగా ఉన్న రాత్రో. ఆ కోరిక అల లాంటిది, ఎంత లేచినా కాసేపటికి విరుగుతుంది. ఆ కాసేపు ఒంటరిగా గదిలో ఉండకుండా చూసుకోవడమే మీ పని. రాత్రి ఫోన్ హాల్లో చార్జింగ్‌కు పెట్టి పడుకోండి. ఆమె ఊరెళ్లేటప్పుడు తమ్ముణ్నో, నమ్మకమైన స్నేహితుణ్నో ఇంటికి పిలిపించుకోండి. అవసరమైతే డాక్టర్ మందులు కూడా రాస్తారు. అవి ఎవరో చెప్పారని షాపులో కొని వేసుకునేవి కావు.

తోటివాళ్ల అండ కావాలంటే సెక్స్ అడిక్ట్స్ అనానిమస్ అని ఉంది. 1977లో అమెరికాలోని మినియాపోలిస్‌లో మొదలైంది, మద్యం మానేవాళ్ల పన్నెండు మెట్ల పద్ధతినే పాటిస్తుంది. ఆన్‌లైన్ మీటింగ్‌లున్నాయి. పేరు చెప్పనక్కర్లేదు. నాలాంటివాడే ఇంకొకడున్నాడని వినడం కొందరికి కొండంత బలం. కానీ డాక్టర్ బదులుగా మాత్రం వద్దు.

భార్యకు అంతా చెప్పాలా అన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. గుండె బరువు దించుకోవాలని ఒకే రాత్రి ప్రతి వీడియో, ప్రతి చాటింగ్ ఆమె ముందు కుమ్మరించకండి. మీకు తేలికవుతుంది, ఆ దృశ్యాలన్నీ ఆమె కళ్లముందు మిగిలిపోతాయి. ఎంత, ఎలా చెప్పాలో కౌన్సిలర్ సాయంతో ముందే అనుకుని, ఆయన లేదా ఆవిడ సమక్షంలో చెప్పండి. అయితే మసాజ్ సెంటర్ విషయం నెలల తరబడి వాయిదా వేసేది కాదు. అది ఆమె ఆరోగ్యానికి సంబంధించింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, రహస్యంగా ఉంచుతారు. రేపే వెళ్లండి. మసాజ్ సెంటర్‌కు చివరిసారి వెళ్లి మూడు నెలలు నిండకపోతే, నిండాక పరీక్ష మరోసారి చేయించుకోవాలి. సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు కూడా అడగండి. అవన్నీ తేలేదాకా ఆమెతో శారీరకంగా కలవకండి. ఇప్పటికే కలిసి ఉంటే ఆమెకూ పరీక్షలు కావాలి, అందుకే మొదటి కౌన్సెలింగ్‌లోనే ఈ విషయం ఎత్తండి.

అప్పు గురించి రెండు మాటలే. మొత్తం ఒక కాగితం మీద రాసి ఆమెకివ్వండి, ఒక్క రూపాయి దాచకుండా. కొన్నాళ్లు జీతం ఖాతా ఆమె చూసుకుంటే మంచిది, అదీ ఆమె ఒప్పుకుంటేనే. వీడియో చాటింగ్ రికార్డింగులు బయటపెడతామని ఎవరైనా బెదిరిస్తే డబ్బు కట్టకండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

ఆమె పుట్టింటి నుంచి ఇంకా రాకపోతే ఈ సాయంత్రమే ఫోన్ చేయండి. క్షమించమని అడగడానికి కాదు, అది తర్వాత. ‘మళ్లీ తప్పాను. నా అంతట నేను ఆపుకోలేనని అర్థమైంది. డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఫలానా రోజు వెళ్తున్నాను. రావాలనిపిస్తే రా, లేకపోతే నేనొక్కణ్నే వెళ్తాను’ అని చెప్పండి. అపాయింట్‌మెంట్ మాత్రం ఆ ఫోన్‌కు ముందే తీసుకోండి. ఆమె కోప్పడొచ్చు, ఏడవొచ్చు, మాట్లాడకుండా పెట్టేయొచ్చు. ఏం చేసినా ఆ రోజు మీరు వెళ్లి రండి.