మోకాళ్ల నొప్పుల నూనె టీవీలో చూసి తెప్పించొచ్చా? మా అమ్మ విషయంలో జరిగింది చెప్తాను

మీరు అడిగింది ఇదీ: మీ నాయినకు 64 ఏళ్లు, మధ్యాహ్నం టీవీలో గంటసేపు వచ్చే మోకాళ్ల నొప్పుల నూనె తెప్పించమని రోజూ పట్టుబడుతున్నాడు, అది పనిచేస్తుందా, వద్దని ఎట్లా చెప్పాలి అని.

తెప్పించకండి. కానీ "అదంతా మోసం, నీకు తెల్వదు" అని మాత్రం అనకండి. నేను అదే తప్పు చేశాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మాది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. నేను నల్లగొండలో ఉద్యోగం చేస్తాను, అమ్మ ఊళ్లోనే ఉంటుంది. మూడేళ్ల కింద ఇట్లాంటి నూనెకే 2,499 రూపాయలు పోస్ట్‌మ్యాన్ చేతిలో పెట్టి పార్శిల్ తీసుకుంది. పత్తి ఏరిన కూలి పైసలు అవి. మా దిక్కు ఆ వయసు వాళ్ల మోకాళ్ల సంగతి తెలిసినవాళ్లెవరూ ఆమెను తప్పుపట్టరు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మా అమ్మ తరం అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లే తాగి పెరిగింది. ముందు పళ్లకు గార పడుతుంది, తర్వాత ఎముకలు గట్టిపడి కీళ్లు బిగుసుకుపోతాయి. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' తయారుచేసి దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పెట్టిందంటే మా జిల్లా ఎంత అనుభవించిందో చూడండి. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా ఇప్పటికే వంగిన కాలు నూనె రాస్తే సాఫు కాదు. రాత్రంతా కాళ్లు పీకుతుంటే నిద్రపట్టని మనిషి ముందు "పదిహేను రోజుల్లో మెట్లెక్కుతారు" అని గంటసేపు చెప్తుంటే చెయ్యి ఫోన్ మీదికి పోకుండా ఎట్లుంటుంది?

ఇంకో సంగతి, అసలు అమ్మకం జరిగేది టీవీలో కాదు, ఫోన్‌లో. అమ్మ మిస్డ్ కాల్ ఇచ్చింది, అంతే. పది నిమిషాల్లో వాళ్లే చేశారు. "అమ్మగారూ, ఎన్నాళ్ల నుంచి బాధపడుతున్నారు? పిల్లలు దగ్గర లేరా?" అని అడిగిందట ఆ అమ్మాయి. ఇంట్లో మేమెవరమూ అంత ఓపికగా అడగలేదు, అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తర్వాత "డాక్టర్ గారు లైన్లోకి వస్తున్నారు" అని ఒకాయనను కలిపింది. ఆయన మూడు నెలల కోర్సు వాడాలన్నాడు. పార్శిల్ వచ్చిన వారానికే రెండో కోర్సుకు ఫోన్లు మొదలైనయి.

నేను ఊరికి పోయి ఆ డబ్బా చేతిలోకి తీసుకుని చదివాను. వంద మిల్లీలీటర్ల సీసాలు రెండు. అట్ట మీద పెద్దగా మోకాలి బొమ్మ, లోపల ఎర్రగా మెరుస్తున్న ఎముక. వెనక సన్నటి అక్షరాల్లో నువ్వుల నూనె, కర్పూరం, గంధపుర తైలం, ఇంకో నాలుగైదు పేర్లు. ఉపయోగం అన్నచోట ఉన్నది ఒక్క ముక్క: కీళ్ల నొప్పుల నుంచి ఉపశమనానికి. టీవీలో అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుందన్నారు, ఆపరేషన్ తప్పుతుందన్నారు. సీసా మీద అందులో ఒక్కటీ లేదు. నోటితో చెప్పింది అచ్చులో పెట్టలేదు. ఏ వస్తువైనా సరే, నేను ఇప్పుడు ముందు చూసేది ఇదే. మూత తీస్తే ప్రకాశం బజార్‌లో 90 రూపాయలకు దొరికే నొప్పుల తైలం వాసనే వచ్చింది. అది కొనుక్కొచ్చి రెండూ అమ్మ చేతి మీద చెరో చుక్క వేశాను. కాసేపు వాసన చూసి, "రెండూ ఒక్కటే గద బిడ్డా" అన్నది.

ఇక ధర. "7,999 విలువైనది ఈ రోజు మాత్రమే 2,499" అంటారు. ఎమ్మార్పీ ఎంత వేసుకోవాలో తయారుచేసేవాడే నిర్ణయించుకుంటాడు. అంత పెద్ద అంకె వేసి కొట్టేస్తే అది తగ్గింపు కాదు. మీరు మీ నాయినతో కూర్చుని ఆ కార్యక్రమం రెండు మూడు రోజులు చూడండి, మీరేమీ మాట్లాడకండి. మేం అట్లాగే చూశాం. మూలన తిరిగే గడియారం రోజూ అదే నిమిషాల దగ్గర మొదలైంది, 'చివరి యాభై సీసాలు' రోజూ యాభైయే. మూడో రోజు అమ్మే పట్టుకుంది: నొప్పులు తగ్గినయని చెప్పిన పచ్చ చీరామె ఇంకో చానల్‌లో షుగర్ పొడికి కూడా సాక్ష్యం చెప్తున్నది, ఊరు పేరు మారింది, చీర మారలేదు. అమ్మ మనసు మారింది ఆ చీరతోనే, నా మాటలతో కాదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. షుగర్, క్యాన్సర్, కీళ్లవాతం, ఊబకాయం లాంటి జబ్బులు నయం చేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. ఇట్లాగే టీవీలో తాయెత్తుల్లాంటి యంత్రాలు, కవచాలు అమ్మేవాళ్ల మీద 2021 జనవరిలో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ తీర్పు ఇచ్చింది, మహిమలున్నాయని చెప్పి వాటిని టీవీలో ప్రకటించడం చట్టవిరుద్ధమని. అది మహారాష్ట్రలోని చట్టం కింద ఇచ్చినది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఇన్ని ఉన్నా ఆ కార్యక్రమాలు ఆగలేదు, అందుకే మన జాగ్రత్త మనకు కావాలి.

పైసలు పోయినవాళ్లు ఊరుకోవద్దు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు. టీవీ ముందు ఫోన్ పెట్టి ఆ కార్యక్రమం వీడియో తీసుకున్నాను, సీసా వెనక ఫోటో, పోస్టు రసీదు జతచేశాను. కంపెనీ వాళ్లు ముందు సగం ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. నెలకు కొంచెం అటూ ఇటూగా పార్శిల్ ఖర్చు పట్టుకుని మిగతాది వాపసు వచ్చింది. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోదామనుకున్నాను. మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

ఆ తర్వాత కూడా ఒకటి జరిగింది. ఆరు నెలలకు అమ్మ పేరు మీద పోస్టులో గీకే కార్డు వచ్చింది. గీకితే కారు. పన్ను కింద 12,000 ముందు కట్టమన్నారు. ఆమె పేరు, ఊరు, నంబరు వాళ్లకు ఎక్కడినుంచి పోయినయో నేను నిరూపించలేను. కానీ ఆమె ఇంటి అడ్రస్ ఫోన్‌లో చెప్పింది ఆ ఒక్కసారే. అట్లాంటిది మీ ఇంటికి వస్తే ఒక్క రూపాయి పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయండి.

ఇప్పుడు మీ నాయిన సంగతి. ఆయన ఇప్పటికే ఆర్డర్ ఇచ్చి ఉంటే భయపడాల్సింది లేదు. పార్శిల్ వచ్చినప్పుడు పైసలు కట్టకుండా వద్దని చెప్పండి, వెనక్కి పోతుంది. కేసు పెడతామని బెదిరిస్తే ఫోన్ కట్ చేయండి. పైసలు కట్టేదాకా డబ్బా విప్పి చూడనియ్యరు కాబట్టి ఆపాల్సింది ఆ గడప దగ్గరే. పగలు ఇంట్లో ఆయన ఒక్కడే ఉంటే పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పిపెట్టండి, మా ఊరాయన ఇప్పుడు పార్శిల్ వస్తే ముందు నాకే ఫోన్ చేస్తాడు.

నొప్పిని మాత్రం వదిలేయకండి. నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించండి. ఆయన చిన్నప్పటి నుంచి ఏ ఊళ్లో, ఏ బోరు నీళ్లు తాగాడో డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మా అమ్మకు ఫిజియోథెరపీలో నేర్పించిన నాలుగు కదలికలు పొద్దున మంచం మీద కూర్చునే చేస్తుంది. కాళ్లు సాఫు కాలేదు, అట్లా అవుతాయని డాక్టర్ కూడా చెప్పలేదు. కానీ బాత్రూముకు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పోతుంది. ఆ 90 రూపాయల తైలం కూడా రాస్తుంది, రాత్రి నేనే రాస్తాను ఊరికి పోయినప్పుడు.