కీమో తర్వాత నీరసం: అమ్మగారిని మంచానికే పరిమితం చేయకండి

కీమో అయ్యాక విశాఖ ఆర్కే బీచ్‌లో అరగంట నడిస్తే మీ అమ్మగారు రెండు రోజులు మంచం దిగడం లేదన్నారు. కారణం చాలావరకు ఆ అరగంటే. అలాగని పూర్తి రెస్ట్ ఇస్తే కండ కరిగి నీరసం ఇంకా పెరుగుతుంది.

1. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ టెస్టులు చేయించండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: అలసట రాకముందే ఆగాలి. మొదటి వారం ఐదు నిమిషాలే. బీచ్‌లోని కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టండి, కాసేపటికే కూర్చోబెట్టండి. "ఇంకా నడవగలనురా" అన్నా వినకండి. మర్నాడు హుషారుగా లేస్తేనే రెండు నిమిషాలు పెంచండి. మా అత్తయ్యకి పనికొచ్చింది ఈ పద్ధతే.

3. వారానికి 150 నిమిషాల నడక అనే మామూలు లక్ష్యానికి చేరడానికి నెలలు పట్టినా టెన్షన్ వద్దు.

4. చికిత్స అయినవాళ్లు ఎవరైనా తోడు నడుస్తారేమో ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని అడగండి.

ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక కాలికే వాపు వస్తే నడక ఆపి వెంటనే డాక్టర్‌కి చూపించండి.