లెక్కల గది దాకా వెళ్ళు

అమ్మాయీ,

విదేశీ నిధులతో నడిచే ఆరోగ్య పథకాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఎవరిచ్చారు, ఎంతిచ్చారు అన్నది బాగా పట్టుకున్నావు. ఆ డబ్బు దేశంలోకి వచ్చాక దాన్ని ఖర్చు పెట్టి లెక్క అప్పజెప్పేవాళ్ళు మాత్రం ఎక్కడా కనపడలేదు. అసలు కథంతా వాళ్ళదే.

2002లో మొదలైన గ్లోబల్ ఫండ్‌నే తీసుకో. ఎయిడ్స్, క్షయ, మలేరియాలకు నిధులిచ్చే ఆ సంస్థకు ఆయా దేశాల్లో ఆఫీసులు లేవు. పథకం నడిపే బాధ్యత అక్కడి ఆరోగ్య శాఖో, మరో సంస్థో తీసుకోవాలి. సంక్షోభంలో ఉన్న కొన్ని దేశాల్లో ఆ బాధ్యతను ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ తాత్కాలికంగా మోస్తుంది. మళ్ళీ దేశం చేతికి అప్పగించాలంటే అందుకునేవాళ్ళు సిద్ధంగా ఉండాలి కదా!

ఒక్క మందుల స్టోర్ చూడు. క్షయకు సాధారణంగా 6 నెలలు ఆపకుండా మందులు వాడాలి. బయటి నుంచి సరుకు రావడానికి నెలలు పడుతుంది. స్టోర్ కీపర్ ఈ రోజు స్టాక్ కార్డులో నిల్వో, గడువు తేదీయో తప్పు రాస్తే, కొన్ని నెలల తర్వాత ఏదో ఊళ్ళో రోగి ఖాళీ చేతులతో వెనక్కి పోతాడు. మధ్యలో మందు ఆగితే జబ్బు మొండికేస్తుంది. కార్డు సరిగ్గా రాయడం, దాన్ని బట్టి కావాల్సిన సరుకుకు ఇండెంటు పెట్టడం, టెండరు పిలవడం, ఆడిట్ అభ్యంతరానికి జవాబివ్వడం హోటల్లో రెండ్రోజుల ట్రైనింగ్‌తో వచ్చేవి కావు. తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని, ఆ పని సిబ్బంది చేతే చేయించాలి.

నన్ను బాధపెట్టే సంగతి ఇంకోటుంది. దాతలు తమ పథకానికి విడిగా ఒక యూనిట్ పెట్టి, శాఖలోని మంచి అకౌంటెంటును, ఫార్మసిస్టును ఎక్కువ జీతమిచ్చి తీసుకుపోతారు. పథకం లెక్కలు పక్కాగా ఉంటాయి, శాఖ డీలా పడుతుంది. ఇలాంటి యూనిట్లను 2010 నాటికి మూడింట రెండు వంతులు తగ్గించాలని, సాయమిచ్చే దేశాలూ అందుకునే దేశాలూ కలిసి 2005 పారిస్ ప్రకటనలో రాసుకున్నాయి. గడువులోగా అది నెరవేరలేదు. అలాగని డబ్బు దారి తప్పుతుందేమోనన్న దాతల భయాన్ని కొట్టిపారేయకు. పన్ను కట్టిన జనానికి వాళ్ళూ జవాబు చెప్పుకోవాలి.

తిరగరాసేటప్పుడు మంత్రిని చివర్లో కలువు. ముందు స్టోర్ కీపర్‌ను, అకౌంటెంటును కలిసి, జీతం ఏ బడ్జెట్ నుంచి వస్తోందో అడుగు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపినప్పుడు ఎంతోమంది ఆరోగ్య సిబ్బంది పని ఆగిపోయింది. నిధులు ఆగినా తమ ఉద్యోగం ఉంటుందా అన్నదానికి వాళ్ళేం చెబుతారో వాళ్ళ మాటల్లోనే రాసి పంపు.