కందగవ పాడబోతున్న మేనల్లుడికి

చి. శ్రీకర్‌కు మామయ్య ఆశీస్సులు.

డిసెంబరులో జపాన్‌లో మీ ఆఫీసువాళ్లు ఏడాది చివర చేసుకునే బోనెన్‌కై విందులో గిటారు పట్టుకుని డెబ్బైల నాటి ఫోక్ పాటలు రెండు పాడతానని ఒప్పుకున్నావని అక్కయ్య చెప్పింది. ఆ రెండూ ఏవో నేనే చెబుతాను. ఒకటి ‘కందగవ’, రెండోది ‘నగొరి యుకి’. అక్కడి పెద్దవాళ్లలో ఈ రెండూ తెలియనివాళ్లు అరుదు. వాళ్లు మనసులోనే కూడా పాడుకుంటారు కాబట్టి తాళం తప్పినా, మాట మింగినా ఇట్టే దొరికిపోతావు. అందుకే ఈ ఉత్తరం.

ముందు పాట ఎవరి నోటినుంచి వస్తోందో తెలుసుకోవాలి. 1973లో వచ్చిన ‘కందగవ’ను కితజో మకొతొ రాశాడు. కగుయహిమె బృందంలోని మినమి కోసెత్సు బాణీ కట్టి పాడాడు. పాడింది మగవాడే అయినా కథ చెప్పేది ఆడమనిషి. మూడు తతమి చాపల అద్దె గది, అంటే సుమారు యాభై చదరపు అడుగులు. అందులో స్నానాల గది ఉండదు, వీధి చివరి సెంతొకి, అంటే ఊరుమ్మడి స్నానశాలకి, పోవాల్సిందే. ఆమె, ఆమె ప్రియుడు ఇద్దరూ ఒకేసారి బయటికి వద్దామనుకుంటారు, ప్రతిసారీ ఆమే ముందు వచ్చి చలిలో నిలబడుతుంది. తడి జుట్టు, పెట్టెలో కటకటలాడే సబ్బు. ఇదంతా మామూలు గొంతుతో, ఎవరికో కబురు చెబుతున్నట్టు పాడు. చివర్లో, వయసులో ఉన్నప్పుడు తనకి దేనికీ భయం లేదంటుంది. అక్కడ గొంతు ఎత్తాలి. నీ మంచితనానికే భయపడ్డానన్న వాక్యానికి వచ్చేసరికి తగ్గించాలి. చాలామంది ఈ రెండో వాక్యాన్నీ అరిచి పాడి పాటను పాడుచేస్తారు.

‘నగొరి యుకి’ రాసిందీ, బాణీ కట్టిందీ అదే బృందంలోని ఇసె షోజో. 1974లో కగుయహిమె ఆల్బంలో వచ్చింది, మరుసటేడు ఇరుక అనే గాయని పాడాక ఊరూరా వినబడింది. అక్కడ చదువుల సంవత్సరం మార్చిలో ముగుస్తుంది, అందరూ విడిపోయే నెల అది. టోక్యోలో ప్లాట్‌ఫాం మీద రైలు కోసం చూస్తుంటే వేళ కాని వేళ మంచు పడుతోంది. ఆమె వెళ్లిపోతోంది, చెబుతున్నవాడు మిగిలిపోతున్నాడు. పల్లవిలో ఆమె అందాన్ని మెచ్చుకుంటున్నాడు, ఆ మెప్పులో ఏడుపు కలపకు. జరిగిపోయినదాన్ని తలుచుకునే పాటల్లో దుఃఖం మాటల్లోనే ఉంది. గొంతు కూడా దుఃఖపడితే వినేవాడికి చేయడానికేమీ మిగలదు.

ఇక మాటలు. రోమన్ లిపిలో రాసుకోవద్దు, తెలుగులో రాసుకో. మనకి ఎ-ఏ, ఒ-ఓ తేడా ఉంది, వాళ్లకీ ఉంది. ‘నగోరి’ అని దీర్ఘం పెట్టకు, ‘నగొరి’. ట, డ వాడకు, త, ద రాసుకో. వాళ్ల ‘త్సు’కి కష్టపడక్కర్లేదు, మన ‘చుక్క’లో మొదటి అక్షరమే అది. ‘చి’ మాత్రం ‘చిన్న’లోది. ‘ఉ’ పలికేటప్పుడు పెదాలు సున్నా చుట్టొద్దు. ‘ఫు’కి పై పళ్లు కింది పెదవిని తాకకూడదు, దీపం ఊదినట్టు గాలి వదలాలి. మాట మధ్య వచ్చే ‘గ’ని ఆ కాలపు గాయకులు చాలామంది ముక్కుతో కలిపి ‘ఙ’లా పలికేవారు. వస్తే పెట్టు, రాకపోతే మామూలు గకారమే నయం.

తాళానికి మన మాత్రల లెక్కే సరిపోతుంది. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. ‘కందగవ’ అయిదు మాత్రలు, జపనీయులూ అయిదే లెక్కపెడతారు. పెళ్లిని ‘కెక్కొన్’ అంటారు, మనకీ వాళ్లకీ నాలుగే. సున్నా, ఒత్తు, దీర్ఘం విడిగా ఒక్కో మాత్ర తీసుకుంటాయి, ఒక్కోసారి వాటికి విడిగా స్వరం కూడా పడుతుంది. ఎక్కడ దెబ్బతింటావంటే, యవత్తు దగ్గర. సొంతూరిని ‘కొక్యో’ అంటారు. మన నోరు అలవాటుగా క్యకి ముందున్న అక్షరాన్ని ఊది గురువు చేసేస్తుంది. వాళ్లకి యవత్తు ముందు అక్షరాన్ని బరువెక్కించదు, కాబట్టి అది మూడు మాత్రలే. ఇంకోటి, మాటల్లో ‘స్’, ‘ష్’ అని మింగేసే సు, షిలకి పాటలో స్వరం ఉంటే పూర్తిగా పలకాలి.

గిటారుకి వద్దాం. 012–053 మందం ఉన్న లైట్ తీగలు కార్యక్రమానికి మూడు రోజుల ముందు మార్చు. అదే రోజు మారిస్తే సాగుతూ శ్రుతి జారుతుంది. ఆ కాలపు గిటారు పద్ధతిని ‘త్రీ ఫింగర్’ అంటారు. సి కార్డ్ పట్టి బొటనవేలితో 5వ తీగ, చూపుడువేలితో 3, మళ్లీ బొటనవేలితో 4, నడిమివేలితో 2. ఈ నాలుగు మీట్లే తిరుగుతుంటాయి. జి, ఇ మైనర్లకు బొటనవేలు 6 నుంచి మొదలవ్వాలి. డికి బొటనవేలు 4, 3 మీద, మిగతా రెండూ 2, 1 మీద. మెట్రోనోమ్ 60 పెట్టి దెబ్బకి రెండు మీట్లు. బొటనవేలు తడబడకుండా అయిదు నిమిషాలు నడిచాకే నాలుగేసి పెంచు. పాడటం మొదలెట్టగానే వేళ్లు ఆగుతాయి. అప్పుడు మాటలు పాడకుండా చదువుతూ మీటు, రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

శ్రుతి నీ గొంతుకు తగ్గట్టు మార్చుకో, ఒరిజినల్‌లోనే పాడాలన్న పట్టుదల వద్దు. ముందు పల్లవిలోని పై స్వరం పాడి చూడు. మెడ నరాలు బిగిస్తే కాపో (గిటారు మెడకి బిగించే క్లిప్పు) దించు, ఒక్కో మెట్టుకి అర స్వరం తగ్గుతుంది. కాపో 4వ మెట్టులో పెట్టి సి కార్డ్ ఆకారాలు పడితే వినబడేది ఇ. బి ఫ్లాట్ దాకా దిగాలంటే జి ఆకారాలు పట్టి కాపో 3లో పెట్టు. కాపోని ఫ్రెట్ (మెట్టు కడ్డీ) మీద కాదు, దానికి ఆనుకుని వెనక బిగించాలి. మరీ బిగిస్తే 3వ తీగ శ్రుతి పైకి పోతుంది, అందుకే పెట్టాక మళ్లీ ట్యూన్ చేయాలి. స్వరలిపి ఒచనొమిజు గిటారు దుకాణాల్లోనో, పక్కనే ఉన్న జింబోచో పాత పుస్తకాల వీధిలోనో దొరుకుతుంది. ఆ స్టేషన్ పక్కన పారేది కూడా మొదటి పాటలోని కందగవ నదే, కాకపోతే పాట జరిగే చోటు ఇంకా ఎగువన, పడమటి వైపు.

డిసెంబరు చలిలోంచి హీటరున్న హోటల్లోకి గిటారు తీసుకెళ్తే శ్రుతి తప్పుతుంది. పాడే ముందు ఇరవై నిమిషాలు పెట్టె తెరిచి పెట్టు.

మూడోది అడిగితే యొషిద తకురో పాడిన ‘కెక్కొన్ షియో యొ’ అందుకో. 1972 నాటిది, హుషారైనది. నా జుట్టు భుజాల దాకా పెరిగి నీ అంత అయ్యాక పెళ్లి చేసుకుందామంటాడు. మూడేళ్లకి, 1975లో, అరయి యుమి రాసిన పాటలో విద్యార్థి ఉద్యమంలో తిరిగిన కుర్రాడు ఉద్యోగం రాగానే జుట్టు కత్తిరించుకుంటాడు. 1969 జనవరిలో టోక్యో విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఆక్రమించిన యసుద ఆడిటోరియంలోకి పోలీసులు దిగిన తర్వాత ఆ తరానికి ఏమైందో తెలియాలంటే ఈ రెండు జుట్లూ చాలు. కానీ ఈ జుట్టు కత్తిరించుకునే పాట విందులో పాడకు. మందు పడ్డ పెద్దవాళ్లు పాతరోజుల్లోకి పోతే నిన్ను మళ్లీ పాడనివ్వరు.

వీడియో పెట్టాలనుకుంటే నీ గిటారు, నీ గొంతు ఉన్నదే పెట్టు. అక్కడి పాటల హక్కుల సంస్థ జస్రాక్‌కి యూట్యూబ్‌తో ఒప్పందం ఉంది గానీ, కరావొకె కంపెనీ చేసిన ట్రాక్ దాని కిందికి రాదు. పాటను తెలుగులోకి తిప్పి పాడాలంటే హక్కుదారుల అనుమతి విడిగా తీసుకోవాలి. అక్కయ్య అడుగుతుందని అనువాదం మొదలెట్టకు, అర్థం ఫోనులో చెప్పు.

– మీ మామయ్య