హైదరాబాద్‌లో ఆర్ట్ ఎగ్జిబిషన్లు, నాటకాలు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉద్యోగం కోసం ఈ మధ్యే హైదరాబాద్ వచ్చానని, గ్యాలరీలకు వెళ్లాలని ఉన్నా లోపలికి అడుగు పెట్టాలంటే బెరుకుగా ఉందని, నాకేమీ అర్థం కాదేమోనని రాశారు. తొమ్మిదేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి. మాది పోచంపల్లి దగ్గర చేనేత ఊరు. మొదటిసారి ఒక గ్యాలరీకి వెళ్తే తలుపు దగ్గరున్నాయన "ఎవరి కోసం వచ్చారు?" అని అడిగాడు. బొమ్మలు చూడటానికి వచ్చానని చెప్పడానికి నోరు పెగల్లేదు. వెనక్కి వచ్చేసి, ఏడాది దాకా మళ్లీ అటు పోలేదు. ఆ ఏడాది పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. నేను వెళ్లిన గ్యాలరీల్లో దాదాపు ఎక్కడా టికెట్ లేదు. కొనేవాళ్లే రావాలన్న రూలు అసలే లేదు. ధైర్యంగా వెళ్లండి.

ముందు మాదాపూర్ కావూరి హిల్స్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి పోండి. పెద్ద హాళ్లు, ఎవరూ మిమ్మల్ని పట్టించుకోరు, ఎంతసేపైనా నిలబడొచ్చు. 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌ను నేను అక్కడే చూశాను. ఫొటోలైతే కొత్తవాళ్లకు బెరుకు తొందరగా పోతుంది. ఆ తర్వాత బంజారాహిల్స్‌లో కళాకృతి లాంటి ప్రైవేటు గ్యాలరీలు చూడొచ్చు. ప్రారంభోత్సవం రోజు సాయంత్రం జనం ఎక్కువ, మాటలు ఎక్కువ, బొమ్మలు సరిగా కనపడవు. వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్లండి. సెలవు రోజు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ముందు ఫోన్ చేయండి.

ఇక అర్థం కావడం గురించి. రెండేళ్ల కిందట అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు ఒక ప్రదర్శనకు తీసుకెళ్లాను. గది మధ్యలో రెండు ఇనుప కడ్డీల నడుమ నూలు పోగులు బిగించి ఉన్నాయి. వాటి మీద అక్కడక్కడా రంగు అంటకుండా కట్టే రబ్బరు కట్లు, మా ఊళ్లో చిటికి అంటారు. కింద నేల మీద విప్పేసిన రబ్బరు ముక్కల కుప్ప. నేను గోడ మీది కాగితం చదవడం మొదలుపెట్టాను. అందులో జ్ఞాపకం, శ్రమ, విస్థాపన అని పెద్ద పెద్ద మాటలున్నాయి. అమ్మ అటు చూడనే లేదు. వంగి పోగులు చూసింది. "చిటికి కట్టిర్రు, రంగు అద్దిర్రు, కట్లు సగమే విప్పిర్రు. పడుగు ఉన్నది, పేక లేదు. నేసేటాయన ఏడికి పోయిండు బిడ్డా?" అన్నది.

మూలన స్టూల్ మీద కూర్చున్న కుర్రాడు లేచి వచ్చాడు. ఆ పని చేసింది అతనే. వాళ్ల నాన్న మగ్గం వదిలేసి పట్నంలో వాచ్‌మన్‌గా చేరారట. ఇంట్లో అలాగే మిగిలిపోయిన పడుగే అది. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఆసు పోసి పోసి, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ నూలు తిప్పి తిప్పి, తన కుడి భుజం ఎట్లా పట్టేసేదో అమ్మ చెప్పింది. చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం రాకముందు ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పాల్సి వచ్చేది. నేను చదివిన కాగితంలో ఇందులో ఒక్క ముక్కా లేదు. అందుకే ఇప్పుడు ముందు వస్తువును చూస్తాను. ఇది దేంతో చేశారు, చెయ్యడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది, ఏం వదిలేశారు అని నన్ను నేనే అడుగుతాను. కాగితం ఆఖరున చదువుతాను.

లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్‌లు ఎక్కడైనా కనిపిస్తే అస్సలు వదులుకోకండి. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారాయన. బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. ఎచింగ్ అంటే, లోహపు రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో పెడతారు. గీసిన చోట యాసిడ్ రేకును తినేసి గాడి పడుతుంది. ఆ గాడిలో సిరా నింపి, పైది తుడిచి, తడి కాగితం పెట్టి ప్రెస్సులో నొక్కుతారు. పక్కకు జరిగి వెలుతురు వాలుగా పడేలా చూస్తే రేకు అంచు కాగితంలో దిగిన గుర్తు కనపడుతుంది. కింద పెన్సిల్‌తో 7/25 అని ఉంటే, తీసిన 25 ప్రతుల్లో అది ఏడోదని. నాకైతే రంగుల బొమ్మల కంటే ఈ గీతలే ఎక్కువసేపు మనసులో ఉంటాయి. అయినా తోట వైకుంఠం గారు రంగుల్లో వేసిన, బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్ల బొమ్మల ముందు నిలబడితే మా ఊరి బావి కాడికి పోయినట్టే ఉంటుంది, అది వేరే సంతోషం.

మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థుల వార్షిక ప్రదర్శనలు తప్పకుండా చూడండి. అడిగితే ప్రతి పిల్లా పిల్లాడూ తన పని గురించి ప్రాణం పెట్టి చెబుతారు. గోడల మీది బొమ్మలు కావాలంటే రాజ్‌భవన్ వెనక ఎంఎస్ మక్తాకు పొద్దున్నే వెళ్లండి. 2016లో ఆర్టిస్టులు వచ్చి అక్కడి ఇళ్ల గోడల మీద వేశారు. అవి జనం ఉండే ఇళ్లు, ఫొటో తీసేముందు అడగండి.

నాటకాలకు బంజారాహిల్స్‌లోని లామకాన్ ఉంది. 2010లో మొదలైంది. పాత రాతి ఇల్లు, చెట్ల కింద బెంచీలు, ఇరానీ చాయ్, సమోసా. ఒకసారి ఒక నటి ఒక్కతే ఆడిన నాటకం ముందు వరసలో కూర్చుని చూశాను. నా కాలి దగ్గర ఒక గిన్నె పెట్టి, అందులో నీళ్లు పోస్తూ, చనిపోయిన చెల్లెలి గురించి ఆమె చెప్పింది. నీటి చుక్కలు నా చేతి మీద పడ్డాయి, తుడుచుకోబుద్ధి కాలేదు. రవీంద్రభారతి పెద్ద స్టేజీ మీద ఎంత మంచి నాటకం చూసినా ఇంత దగ్గరితనం నాకు దొరకలేదు.

లామకాన్‌లో కుర్చీలు తొందరగా నిండిపోతాయి, అరగంట ముందే చేరుకోండి. ఒంటరిగా వెళ్లడానికి మొహమాటపడకండి, అక్కడ సగం మంది అలాగే వస్తారు.