టెక్ సందేహాలు: హెడ్‌లైటు మసకబారితే బల్బును తిట్టకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఫోన్ల గోల తక్కువ, కార్ల గోల ఎక్కువ. వానలు తగ్గి రాత్రి ప్రయాణాలు మొదలైనట్టున్నాయి. మూడు ఉత్తరాలూ హెడ్‌లైట్ల గురించే కాబట్టి ఒకచోటే జవాబిస్తున్నాను.

ఒడిశాలోని జయపురం నుంచి ఒక పాఠకుడు: "కారు కొని తొమ్మిదేళ్లయింది. హెడ్‌లైట్లు పసుపెక్కి, పొగచూరిన లాంతరు చిమ్నీలా తయారయ్యాయి. మొన్న సాలూరు నుంచి వస్తూ సుంకి ఘాట్‌లో మలుపులు కనబడక ఓ లారీ వెనకాలే పాక్కుంటూ ఎక్కాను. మా బావమరిది టూత్‌పేస్టుతో రుద్దితే రెండు వారాలు బాగున్నాయి, తర్వాత మళ్లీ మామూలే. కొత్తవి కొనాల్సిందేనా?"

తొందరపడి కొనకండి. ముందు ఒక మగ్గు నీళ్లు తెచ్చి లైటు మీద పోయండి. తడిగా ఉన్నంతసేపు నిగనిగలాడి, ఆరగానే మళ్లీ తెల్లబడితే పాడైంది పైపొరే. ఇంట్లో బాగుచేసుకోవచ్చు. తడిపినా మసక అలాగే ఉన్నా, లోపల సాలెగూడులాంటి సన్నని పగుళ్లు కనబడినా ఎంత రుద్దినా చెయ్యి నొప్పే మిగులుతుంది.

లైటు అద్దం అంటాం గానీ అది అద్దం కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. పాత అంబాసిడర్ గుండ్రటి గాజు లైట్లు రాయి తగిలితే పగిలేవి, అంతేగానీ ఇలా ముసలివయ్యేవి కావు. అమెరికాలో 1984 మోడల్ లింకన్ మార్క్ సెవెన్‌తో, కారు ముఖానికి తగ్గ ఆకారంలో పోతపోసిన ప్లాస్టిక్ లైట్లు మొదలయ్యాయి. తర్వాత మిగతా చోట్లా గాజు పోయి ప్లాస్టిక్ వచ్చింది. పాలీకార్బొనేట్ తేలిక, దెబ్బకు ఓర్చుకుంటుంది. ఎండకు మాత్రం ఓర్చుకోలేదు. అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద గట్టి పూత ఒకటి వేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ముందు బండ్లు లేపే ఇసుక కలిసి కొన్నేళ్లకు ఆ పూతను తినేస్తాయి. మీ రెండు లైట్లలో ఒకటి ఎక్కువ పసుపెక్కి ఉంటే, రోజూ కారు ఎటు తిప్పి పెడుతున్నారో గమనించండి. ఎండ తగిలే వైపుదే అయ్యుంటుంది.

ఇది అందం గొడవ కాదు. అమెరికా మోటారు సంఘం త్రిపుల్ ఏ 2018లో పరీక్ష చేస్తే, బాగా మసకబారిన లైట్లు కొత్తవాటి వెలుతురులో సుమారు 20 శాతమే ఇచ్చాయి. రుద్ది బాగుచేస్తే 70 శాతం దాకా తిరిగొచ్చింది. సుంకి మలుపుల్లో మీకు ఆ తేడా చాలు.

బావమరిదిగారి టూత్‌పేస్టు పూర్తిగా తప్పేమీ కాదు. అందులోని మెత్తని పొడి పైమురికిని గీకేస్తుంది. అయితే దానితోపాటు మిగిలి ఉన్న కాస్త పూతనూ గీకేస్తుంది, బదులుగా ఏదీ వేయదు. గోడకు సున్నం గీకేసి వదిలేసినట్టే. అందుకే రెండు వారాల ముచ్చట.

అసలు పని ఇలా చేయండి. పెయింట్ల షాపులో వాటర్ పేపర్, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం, అడగండి. ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా మాట అదే. 800, 1500, 2000 నంబర్లు చాలు, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. షాంపూతో లైటు కడిగి, చుట్టూ బానెట్, బంపర్ అంచులకు మాస్కింగ్ టేపు రెండు మూడు వరసలు వేయండి. నేను మొదటిసారి ఒక్క వరసే వేసి బంపర్ రంగు లేపేసుకున్నాను. పేపరును నీళ్లలో నానబెట్టి, నీళ్లు పోస్తూ 800తో అడ్డంగా రుద్దండి. మొదట పసుపు నీళ్లు కారతాయి. అది పాడైన పూత. తెల్లనీళ్లు వచ్చేదాకా ఆపొద్దు. తర్వాత 1500తో నిలువుగా, 2000తో మళ్లీ అడ్డంగా. దిశ మారిస్తే పాత గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది.

ఈ దశలో లైటు బాత్‌రూం కిటికీలా పాలరంగుకు తిరుగుతుంది. చూసి టెన్షన్ పడకండి, అలాగే ఉండాలి.

ఇక్కడ చాలామంది రబ్బింగ్ కాంపౌండ్ అనే మెరుగు పేస్టుతో తళతళలాడించి, ఫోటో తీసుకుని, పని అయిపోయిందనుకుంటారు. అది సగం పనే. ఎండకు అడ్డుగా ఉన్న పూతను మీరే పూర్తిగా తీసేశారు కదా! అలా వదిలేస్తే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపు. యూవీ, అంటే అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ ఉన్న క్లియర్ కోటు (రంగులేని పూత) వేయాల్సిందే. కార్ల పెయింటర్లు వాడే టూ-కే క్లియర్ స్ప్రే (పూత, దాన్ని గట్టిపరిచే రసాయనం రెండూ కలిసేది) మంచిది. పూత వేయబోతున్నారంటే కాంపౌండ్ అవసరమే లేదు, 2000 పేపరు గీతల్ని అదే కప్పేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి, పలచగా రెండు మూడు సార్లు, మధ్యలో పది నిమిషాలు ఆగుతూ కొట్టండి. ఆ స్ప్రేలో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు చెడ్డవి. గుడ్డ కట్టుకుంటే సరిపోదు, పెయింటర్లు వాడే ఫిల్టరు మాస్కు కావాలి. పని ఆరుబయటే చేయాలి. మాస్కు దొరక్కపోతే రుద్దడం వరకు మీరు చేసుకుని, పూత మాత్రం పెయింటింగ్ షాపులో వేయించండి. మీ కొండల్లో పొద్దున పొగమంచు ఉంటుంది కదా, ఎండ బాగా వచ్చాకే మొదలుపెట్టండి. గాలిలో చెమ్మ ఉంటే పూత పాలలా తెల్లబడుతుంది.

పెట్రోలు, థిన్నరు మాత్రం దగ్గరకు రానివ్వకండి. టేపు జిగురు పోవడానికని నేనొకసారి పెట్రోలు గుడ్డతో తుడిచాను. మర్నాటికి లైటు నిండా వెంట్రుకవాసి పగుళ్లు. రెండు గంటల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైంది. దోమల క్రీము రాస్తే మెరుస్తుందని తిరిగే వీడియోలనూ నమ్మొద్దు. కొన్ని క్రీముల్లో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పైపొరను కరిగిస్తుంది. ఆ మెరుపు కరిగినందుకు వచ్చిందే.

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు: "మా స్విఫ్ట్ ఎడమ లైటు లోపల ఆవిరి పడుతోంది. పైన ఎంత తుడిచినా పోదు. కింద చిన్న రంధ్రం చేస్తే నీళ్లు కారిపోతాయని మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా?"

వద్దమ్మా. ఆ రంధ్రంలోంచి దుమ్ము, వాననీళ్లు లోపలికే వస్తాయి. కారు కడిగాకో, చల్లని రాత్రిలోనో పలచగా ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే అది జబ్బు కాదు. గాలి ఆడటానికి లైటు వెనక సన్నని దారులుంటాయి. నీళ్లు బొట్లుగా నిలుస్తుంటే బానెట్ ఎత్తి, బల్బు వెనక రబ్బరు మూత ఉందో లేదో చూడండి. బల్బు మార్చినవాళ్లు దాన్ని సరిగా పెట్టకుండా వదిలేయడం మామూలే. మూత బాగానే ఉంటే లైటు అంచు సీలు ఊడినట్టు.

రాయగడ నుంచి ఒక డ్రైవరన్న: "లైట్లు మసకగా ఉన్నాయని 100/90 బల్బులు వేయించాను. ఎదురొచ్చేవాళ్లంతా డిప్పర్ కొడుతున్నారు. ఎల్‌ఈడీ వేయిస్తే పోతుందా?"

పోదన్నా, పెరుగుతుంది. మసక ప్లాస్టిక్ వెలుతురును నలుదిక్కులా చెదరగొడుతుంది. పొగమంచులో హై బీమ్ వేస్తే ఎదుటంతా తెల్లగోడ అవుతుంది చూశారా, అలా. బల్బు పెంచితే ఆ చెదురే పెరిగి ఎదుటివాడి కళ్లల్లో పడుతుంది. మీ బండికిచ్చిన హెచ్-ఫోర్ రకం హాలోజన్ బల్బు 60/55 వాట్లది, అంటే హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55. హై బీమ్‌లో బల్బుకు 5 ఆంపియర్ల కరెంటు లాగాల్సిన వైరు ఇప్పుడు 8 పైనే లాగుతోంది. హోల్డరు తీసి చూడండి, ప్లాస్టిక్ ఇప్పటికే గోధుమరంగుకు తిరిగి ఉండొచ్చు. హాలోజన్ లైటు వెనక గిన్నెను ఫిలమెంటు ఎక్కడుంటుందో లెక్కగట్టి చేస్తారు. అందులో ఎల్‌ఈడీ పెడితే ఆ లెక్క తప్పుతుంది. పాత బల్బులే మళ్లీ వేసి, పైన జయపురం ఆయనకు చెప్పిన పని చేయండి. అయ్యాక చదునైన చోట గోడకు పాతిక అడుగుల దూరంలో బండి ఆపి లో బీమ్ వేయండి. వెలుతురు పై అంచు లైటు ఎత్తు కంటే కాస్త కిందే ఉండాలి. పైకి ఉంటే లైటు వెనక స్క్రూ తిప్పి దించండి.