ఇంట్లో ఒక్క మైకుతో రికార్డ్ చేస్తే గిటార్ శబ్దం గుమ్‌గుమ్‌మని ఎందుకు వస్తుంది?
చాలాసార్లు కారణం మైకు సరిగ్గా సౌండ్‌హోల్‌కి (గిటార్ మధ్యలోని గుండ్రటి రంధ్రానికి) ఎదురుగా ఉండటమే. గిటార్ లోపలి గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర బలంగా కంపిస్తుంది, ఆ కంపనం బయటికి వచ్చేది అక్కడినుంచే. మైకును 12వ ఫ్రెట్‌కి (గిటార్ మెడ మీది అడ్డ లోహపు కడ్డీకి) ఎదురుగా, 20–30 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. కార్డియాయిడ్ మైకు (ముందునుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) ఇంకా దగ్గరైతే బేస్‌ని, అంటే మంద్ర శబ్దాన్ని, తనంతట తానే పెంచేస్తుంది. అందుకే ఈక్వలైజర్ (మంద్ర, తార శబ్దాలను విడిగా తగ్గించే, పెంచే సాధనం) ముట్టుకునే ముందు మైకునే బెత్తెడు జరిపి వినండి, తేడా వెంటనే తెలుస్తుంది.

రికార్డింగ్ సెట్టింగుల్లో 24 బిట్ ఎంచుకుని రికార్డ్ చేస్తూ, గట్టిగా మీటినా మీటర్ మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే స్థాయి) పెట్టండి. క్లిప్ అయిన, అంటే హద్దు మించి శబ్దం చెదిరిన టేక్‌ని మళ్లీ వాయించడమే మేలు. ఫ్యాను ఆపేయండి.

పంచుకునేటప్పుడు నాణ్యత తగ్గని వేవ్ (WAV) లేదా ఫ్లాక్ (FLAC) ఫైలే ఎక్కించండి. చాలా సైట్లు దాన్ని ఎలాగూ కుదిస్తాయి. ముందే కుదించిన ఎంపీ3 ఇస్తే తీగల స్పష్టత రెండోసారి దెబ్బతింటుంది.